విరిగిన యెముక: కట్టా, కత్తియా?

తాటిచెట్టునుండి జారిపడిన కల్లుగీత కార్మికుడు, ట్రాక్టరు తిరుగబడి కాలు నలిగిన పాలేరు, బడిగోడమీదినుండి దూకి మోచేయి విరుగగొట్టుకొనిన బాలుడు, స్నానాలగదిలో కాలుజారి తుంటి విరిగిన ముసలమ్మ, వీరిలో నెవ్వరి విషయమునందైనను మన గ్రామములలో మొదట పుట్టు ప్రశ్న యొక్కటే: “కట్టుకు తీసికొనిపోవుదమా, ఆసుపత్రికి తీసికొనిపోవుదమా?” ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువాడు దెబ్బ తగిలినవాడు కాడు. వాడు నొప్పితో మూలుగుచుండును. సమాధానము చెప్పువాడు ఇంటిపెద్ద, లేదా ఊరిపెద్ద. వాహనము గలవాడు, చేత నాలుగు డబ్బులాడువాడు. అనగా మా పాఠకులలో పెక్కుమంది ఏదో యొకనాడు ఈ తీర్పు చెప్పవలసినవారే. ఆ తీర్పు మీద నొక మనిషి చేయి, ఒక కుటుంబము యొక్క కూడు, ఒక్కొక్కప్పుడు ప్రాణమే ఆధారపడియుండును. కావున ఈ విషయమును గూర్చి కొంత విపులముగ ముచ్చటింప దలచితిమి.

ఈ సందర్భమున మన సమాజమునందు రెండు దురభిప్రాయములు బలముగా నాటుకొనియున్నవి. నాటుకట్టు మనదిగనుక అది సర్వరోగహరమనియు, ఆసుపత్రికి పోయినచో కాలు కోసివేయుదురనియు నమ్మువా రొకవైపున నున్నారు. నాటువైద్యమంతయు మోసమనియు, పెద్ద భవనమున జరుగునదెల్ల శాస్త్రీయమనియు నమ్మువారు రెండవవైపున నున్నారు. ఈ యుభయులును రోగి ముఖము చూడక ముందే తీర్పు చెప్పుచున్నారు. కట్టునకును కత్తికిని సహజవైరము లేదని మా యభిప్రాయము. ఏ దెబ్బకు ఏది తగునో మొదటి గంటలలో గుర్తింపగల జ్ఞానము ఊరూర నుండవలెను. ఆ జ్ఞానము లేకపోవుటయే నేటి కష్టములకు మూలము.

ఎముక తానే అతుకుకొనును

ఎముకను వైద్యుడు అతుకడు, అతుకునది శరీరమే. ఎముక విరిగిన వెంటనే ఆ చోట రక్తము చేరి గడ్డకట్టును. కొలది దినములలో ఆ గడ్డయందు క్రొత్త కణములు పుట్టి, రెండు మూడు వారములకు విరిగిన కొనల నడుమ మెత్తని బంధ మేర్పడును. పిదప దానిలో సున్నము చేరి గట్టిపడును. ఆ మీద శరీరము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి, అవసరము లేనిదానిని చెక్కివేసి, అవసరమైనచోట నింపి, పూర్వపు రూపమునకు తెచ్చును. చర్మము మానినచోట మచ్చ మిగులును. ఎముక మానినచోట ఎముకయే మిగులును. బాలుని ముంజేతి యెముక నాలుగు మొదలు ఆరు వారములలో అతుకుకొనగా, పెద్దవాని మోకాలిక్రింది యెముకకు మూడు నాలుగు నెలలు పట్టుట సామాన్యము.

ఇట్టి ప్రకృతికి వైద్యుడు చేయు సేవ మూడు విధములు. తొలగిన ఎముకను దాని స్థానమున నిలుపుట మొదటిది. అతుకుకొనువరకు కదలకుండ చేయుట రెండవది. తగిన కాలమున కీళ్లను మరల కదిలించి బలము తెచ్చుట మూడవది. వెదురుబద్దలు, సిమెంటుకట్టు, ఉక్కుకడ్డీ, ఇవి యన్నియు నీ మూడు పనులకు సాధనములు మాత్రమే. జత్రువు, ప్రక్కటెముకలు, పిల్లల ముంజేతి యెముకలు, చోటు తప్పక చిట్లిన యెముకలు చాలవరకు విశ్రాంతి యిచ్చిననే మానును. అప్పుడు కట్టినవాడు ఆకుపసరును పొగడుకొనును. ఆసుపత్రివాడు మాత్రను పొగడుకొనును. పనిచేసినది ప్రకృతి. ఈ సత్యమును గ్రహించినచో నాటుకట్టు అన్నిమార్లు ఫలించుటకు కారణమును, కొన్నిమార్లు ఘోరముగ విఫలమగుటకు కారణమును గూడ తెలియగలదు.

సుశ్రుతుడు చెప్పిన మితము

మన ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమగు సుశ్రుతసంహితలో ఎముకలు విరుగుటను 12 విధములుగను, కీళ్లు తప్పుటను 6 విధములుగను విభజించియున్నారు. లాగుట, నొక్కుట, దగ్గరకు చేర్చుట, కట్టుట అను క్రమము అందు గలదు. మఱ్ఱి, మేడి, రావి, మోదుగ, మద్ది మొదలగు చెట్ల పట్టలను, వెదురును బద్దలుగ వాడుమని చెప్పబడినది. కాలు విరిగినవానిని చెక్కపలకమీద పరుండబెట్టి, కదలకుండ మేకులు నాటి బంధింపవలెనట. కట్టును చలికాలమున 7 దినములకును, సమకాలమున 5 దినములకును, వేసవిలో 3 దినములకును విప్పి మార్చవలెనట. యౌవనమున నెలకు అతుకుకొనునది, నడివయస్సున రెండింతల కాలమునకును, ముదిమియందు మూడింతల కాలమునకును అతుకుకొనునని లెక్క చెప్పబడినది. అరచేయి విరిగి మానినవానిచేత మొదట మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, బలము వచ్చిన పిదప రాతిని పట్టించుమని వ్రాయబడినది. నేటి ఆసుపత్రులలో వ్యాయామ చికిత్సకులు రబ్బరుబంతి నిచ్చి చేయించునది దీనినే.

అన్నిటికంటె ముఖ్యమైన హితవు వేరొకటి కలదు. కట్టు మిక్కిలి వదులైనచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపు, నొప్పి, చర్మము చీముపట్టుట కలుగుననియు, కావున మధ్యమమగు కట్టే మేలనియు ఆ గ్రంథము స్పష్టముగ చెప్పుచున్నది. మన నాటువైద్యమును సమర్థించువారు సుశ్రుతుని పేరెత్తుదురు. మంచిదే. కాని ఆ పేరెత్తువారు కట్టు బిగించునపుడు ఆయన చెప్పిన మితమును గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.

పుత్తూరు కట్టు

ఆంధ్రదేశమున ఎముకల కట్టు అనగనే చిత్తూరు సీమలోని పుత్తూరు స్ఫురించును. ఆ పుత్తూరు చేరువ పల్లెలలోని రాజుల కుటుంబములు తరతరములుగ ఈ వృత్తిని సాగించుచున్నవి. తమిళనాటినుండియు, కన్నడదేశమునుండియు గూడ రోగులు అచటికి వచ్చుచుందురు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, నూలుగుడ్డ, వెదురుబద్దలు వారి పరికరములు. వ్రేళ్లతో తడిమి ఎముక యెచట తొలగినదో గ్రహించు నేర్పు వారికి తండ్రులనుండి వచ్చినది. ఈ నేర్పును మేము తక్కువచేసి చెప్పము. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొనువరకు ప్రపంచమున వైద్యులందరికిని ఎముకను చూపినవి వ్రేళ్లే.

పేదవాడు అచటికి పోవుటకు అజ్ఞానమొక్కటే కారణమనుట న్యాయము కాదు. ఉదయము పోయినవాడు సాయంకాలమునకు ఇల్లు చేరును. ఖర్చు స్వల్పము. కట్టువాడు రోగి భాషలోనే మాటలాడును, వాని నొప్పిని చేతితో తాకి తెలిసికొనును. ఆసుపత్రిలో కాగితములు, వరుసలు, అర్థముగాని మాటలు, కత్తిభయము ఎదురగును. జనులు కట్టునే కోరుట వింత కాదు. ఐతే నేడు “పుత్తూరు కట్టు” అను పలక తగిలింపని పట్టణము లేదు. ఆ పలక తగిలించినవారిలో ఎందరు ఆ విద్యను గురుముఖమున నేర్చినవారో అడుగువారు లేరు. పేరు ప్రఖ్యాతమగుకొలది దానిని అరువు తెచ్చుకొనువారు పెరుగుట లోకసహజము. దాని ఫలము ననుభవించువాడు మాత్రము రోగి.

కట్టు బిగిసినచో

ఎముక విరిగిన తరువాత మొదటి రెండు మూడు దినములలో వాపు హెచ్చును. చేతులయందును కాళ్లయందును కండరములు గట్టి పొరల సంచులలో నిమిడియున్నవి. లోపల వాపు హెచ్చగా, వెలుపల కట్టు సాగనీయదు. అప్పుడు సంచిలోని ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళములు మూసికొనిపోవును. రక్తము అందని కండరము కొద్ది గంటలు మాత్రమే ఓర్చుకొనును. సుమారు ఆరుగంటలు దాటినచో తిరిగి రాని నష్టము కలుగును. ప్రాణము పోయిన కండరము తరువాత ముడుచుకొనిపోయి, చేయి గ్రద్దగోరువలె వంకరయగును. నష్టము మరి హెచ్చినచో అవయవము కుళ్లి, కోసివేయక తప్పదు. జర్మను శస్త్రవైద్యుడు ఫోక్‌మాన్ 1881లోనే ఈ యుపద్రవమును వర్ణించి, బిగుతుకట్టువలన రక్తప్రసారము నిలిచిపోవుటయే కారణమని చెప్పెను. ఆయన చూచినవి ఐరోపాలోని కట్లని మరువరాదు. వెదురుబద్దలు చేయు హానిని సిమెంటుకట్టు గూడ చేయగలదు. దోషము పదార్థమున లేదు, బిగువున నున్నది. విప్పి చూడకపోవుటలో నున్నది.

కావున కట్టు ఎవరు కట్టినను, ఇంటివారు ఈ గుర్తులను కంఠస్థము చేసికొనవలెను. కట్టు కట్టిన పిదప నొప్పి తగ్గుటకు మారుగ గంటగంటకు హెచ్చుట. వ్రేళ్లను మెల్లగ చాచినను ప్రాణము పోవునంత బాధ కలుగుట. వ్రేళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవుట. చల్లబడి పాలిపోవుట, లేదా నల్లబడుట. గోరును నొక్కి విడిచినచో తెల్లబడిన చోటు రెండు సెకండ్లలో మరల ఎఱ్ఱబడవలెను. ఐనను గోరు ఎఱ్ఱగా నున్నదిగదా యని, హెచ్చుచున్న నొప్పిని ఉపేక్షింపరాదు. అన్నిటికంటె ముందు వచ్చు గుర్తు నొప్పియే. ఇట్టి లక్షణములు కనబడినచో తెల్లవారువరకు వేచియుండరాదు. కట్టును చర్మమువరకు పూర్తిగా విప్పి, శస్త్రవైద్యుడుగల ఆసుపత్రికి వెంటనే తీసికొనిపోవలెను. “నొప్పి వచ్చిననే ఎముక అతుకుకొనును” అని పిల్లవానిని ఓదార్చి పరుండబెట్టిన తల్లిదండ్రులు, మరునాటికి ఆ చేతిని పోగొట్టుకొనవచ్చును.

కట్టునకు లొంగనివి

చర్మము చీలి ఎముక కనబడిన గాయము మొదటిది. ఇచట శత్రువు మట్టిలోని సూక్ష్మజీవులు. మొదటి గంటలలోనే తగిన మందు పడవలెను, ధనుర్వాతపు సూదిమందు ఇప్పింపవలెను, గాయమును ఆపరేషను గదిలో కడుగవలెను. దానిపై పేడ, పసరు, కాఫీపొడి పూయుట విషము పూయుటతో సమానము. శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండ బద్ద వేసి తరలించుటయే గ్రామస్థులు చేయదగినది.

తొడయెముక విరుగుట రెండవది. అచట ఒక లీటరునకు మించిన రక్తము చర్మము చెడకయే లోలోపల స్రవింపవచ్చును. రోగి పాలిపోయి చెమటలు పట్టుచున్నచో అది భయమువలన గాదు, రక్తనష్టమువలన. పూర్వము ఈ దెబ్బకు మూడునెలలు మంచమున బరువు వ్రేలాడదీసి పరుండవలసి వచ్చెడిది. జర్మనీలో క్యున్‌చెర్ 1939లో తొడయెముక మధ్యనున్న మూలుగనాళములో ఉక్కుకడ్డీ నెక్కించు పద్ధతిని ప్రవేశపెట్టినది మొదలు, రోగి కొలది దినములలోనే కర్రలసాయమున లేచి నిలువగలుగుచున్నాడు. దినకూలివానికి మూడునెలల మంచమనగా మూడునెలల పస్తు. ఇట్టివాని పాలిట కత్తియే దయగలది.

కీలులోనికి పోయిన విరుగుడు, కీలు తప్పుట, పిల్లల మోచేయి పైభాగము విరుగుట మూడవ తరగతివి. తుంటికీలు తప్పినచో దానిని ఆరుగంటలలోపల సరిపెట్టుట మేలు. ఆలస్యమైనకొలది తొడయెముక శిరస్సునకు రక్తము అందక అది చచ్చిపోవు ప్రమాదము హెచ్చును. మోచేతి చెంత పెద్ద రక్తనాళమును నరములును ఎముకకు ఆనుకొనియే యుండును. ఎక్స్‌రే చూడక ఈ కీళ్లను గుంజుట సాహసము. మెడకును వెన్నునకును దెబ్బ తగిలినవానిని నలుగురు చేతులు కాళ్లు పట్టి లేవనెత్తరాదు. శిరస్సు, మెడ, నడుము ఒకే వరుసన నిలిపి, పలకమీదికి జరుపవలెను.

దెబ్బ తగులకుండనే వచ్చు వాపు మరియొకటి. పదునైదు పదునారేండ్ల ప్రాయపు బాలబాలికలకు మోకాలి చెంత నొప్పి, రాత్రులందు నిద్ర చెరచు నొప్పి, దినదినము హెచ్చు గడ్డ కనబడినచో దానిని తోముట, పిసుకుట, కట్టు బిగించుట కూడదు. అది ఎముకలో పుట్టిన పుండుకావచ్చును. ముందుగ కనుగొన్నచో మందులతోను, శస్త్రచికిత్సతోను కాలును నిలిపి ప్రాణము రక్షించు నవకాశము నేడు కలదు. తోముటలో గడచిన నెలలు తిరిగి రావు.

వృద్ధుల తుంటి

మన యిండ్లలో మిక్కిలి యుపేక్షకు గురియగునది వృద్ధుల తుంటి విరుగుట. “ఎనుబదేండ్లు వచ్చినవి, ఇప్పుడామెకు ఆపరేషనేల, మంచముననే చూచుకొందము” అని కుమారులు ప్రేమతోనే చెప్పుదురు. కాని మంచముననే యుండుట ఆమెకు విశ్రాంతి కాదు. వీపున పుండ్లు, ఊపిరితిత్తులలో కఫము, కాళ్లనాళములలో రక్తపుగడ్డలు, మూత్రదోషములు ఒకదానివెంట నొకటి వచ్చి ప్రాణమును తీసికొనిపోవును. మంచి వైద్యము జరుగు దేశములలో సైతము తుంటి విరిగిన వృద్ధులలో ఐదింట ఒకవంతు మొదలు మూటింట ఒకవంతువరకు సంవత్సరములోపల మరణించుచున్నారు. కావుననే ఒకటి రెండు దినములలోపల శస్త్రచికిత్స చేసి, మరునాడే కూర్చుండబెట్టి, నిలువబెట్టవలెనని నేటి వైద్యనియమము. విరిగినచోటును బట్టి మేకులతో బిగించుటయో, కృత్రిమ శిరస్సు నమర్చుటయో చేయుదురు. వయస్సు హెచ్చినదనుట ఆపరేషను మానుటకు కారణము కాజాలదు. వయస్సు హెచ్చినందుననే ఆలస్యము పనికిరాదు.

ఎముక గుల్లబారుట దీనికి పూర్వరంగము. స్త్రీలకు ముట్టు నిలిచిన పిదప ఎముక త్వరగ పలుచబడును. చిన్నపాటుకే మణికట్టు విరిగినచో అది హెచ్చరికయని గ్రహించి, ఎముక బలమును పరీక్ష చేయించి, మందు వాడవలెను. స్నానాలగదిలో గరుకు పలకలు, గోడకు పట్టుకొను కడ్డీ, రాత్రి దీపము, వీని ఖర్చు ఆపరేషను ఖర్చుముందు లెక్కింపదగినది కాదు.

కత్తికి తొందరపాటు

ఇంతవరకు కట్టు యొక్క హద్దులను చెప్పితిమి. కత్తికిని హద్దులున్నవి. మోకాళ్ల అరుగుదలను చూడుడు. నడివయస్సు దాటినవారిలో ఇది మిక్కిలి సామాన్యము. ఎక్స్‌రేలో గుజ్జు అరిగినట్లు కనబడినంతమాత్రమున ఆపరేషను అవసరము లేదు. ఎక్స్‌రే చెడుగ నున్నను నడువగలవారు పెక్కుమంది. మొదటి చికిత్స తొడకండరములకు బలమిచ్చు వ్యాయామము, శరీరపు బరువు తగ్గించుకొనుట, నడక మానకుండుట, చేతికర్ర, అవసరమైనపుడు నొప్పిమందు. మోకాలిలోనికి దుర్భిణిగొట్టము పంపి కడుగుట యను చికిత్స ఒకకాలమున విరివిగ సాగెను. అమెరికాలోని హ్యూస్టనులో 180 మందిపై జరిపి 2002లో ప్రకటించిన పరీక్షలో, నిజముగ కడిగినవారికిని, చర్మముమీద గాట్లు మాత్రము పెట్టి కుట్టినవారికిని ఫలితమున భేదము కనబడలేదు. అరుగుదల రోగికి ఆ యాపరేషను వ్యర్థమని వైద్యలోకము గ్రహించినది.

ఈ యుపాయములన్నియు విఫలమై, రాత్రి నిద్రలేక, నాలుగడుగులు వేయలేని స్థితి వచ్చినపుడు కీలుమార్పిడి నిజముగ వరమే. ఆంగ్లదేశమున జాన్ చార్న్‌లీ 1962లో లోహపు శిరస్సును ప్లాస్టికు గిన్నెలో నమర్చి తుంటికీలు మార్చు పద్ధతిని స్థిరపరచెను. ఆ దారినే మోకాలి మార్పిడియు వచ్చినది. మార్చిన మోకాళ్లలో నూటికి సుమారు 82 ఇరువదియైదేండ్లు నిలుచుచున్నవని 2019లో ప్రకటించిన లెక్కలు తెలుపుచున్నవి. మనదేశమున ఈ కృత్రిమకీళ్ల ధర యొకప్పుడు రోగి నడుము విరుచునంతగ నుండెను. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వ మందుల ధరల సంస్థ గరిష్ఠ ధరలను నిర్ణయించి, అంతవరకు సగటున ఒకటిన్నర లక్షల రూపాయలు దాటియున్న సామాన్యపు మోకాలికీలును పన్నుగాక 54,720 రూపాయలకు దించెను. ధర తగ్గినదని అవసరము లేనివారికి అమర్చుట ధర్మము కాదు. రెండవ వైద్యుని యభిప్రాయము కోరుట అవమానము కాదని రోగులును వైద్యులును గ్రహింపవలెను.

ఇచట పేరులేని పొడులను గూర్చి యొకమాట. సంతలలోను, రైళ్లలోను, తపాలామూలమునను కీళ్లనొప్పులకు అమ్ము “మూలికల” పొడులలో స్టెరాయిడు మందును రహస్యముగ కలుపుట వైద్యులు పలుమార్లు కనిపెట్టినదే. మొదటి వారమున రోగి పరుగెత్తును; కొంతకాలమునకు ముఖము ఉబ్బి, చక్కెరవ్యాధి ముదిరి, ఎముక గుల్లబారి, తుంటి శిరస్సు చచ్చిపోవును. చీటీమీద పేరు లేని మందును నోట వేసికొనరాదు.

కట్టు ఆసుపత్రిలోనే కత్తిని జయించిన యుదాహరణ మొకటి కలదు. వంకరపాదములతో పుట్టిన శిశువులకు ఒకప్పుడు పెద్ద శస్త్రచికిత్సలు చేసెడివారు. అమెరికాలోని అయోవాలో పనిచేసిన పోన్సెటి అను వైద్యుడు, పాదమును వారవారము చేతితో మెల్లగ త్రిప్పి సిమెంటుకట్టు వేయుచు, ఐదారు కట్లతో చక్కజేయు పద్ధతిని కనుగొనెను. చివర మడమవెనుక నరమునకు చిన్నగాటు, ఆపై నాలుగేండ్లవరకు రాత్రులందు జోడు. నేడు లోకమంతట ఇదియే మొదటి చికిత్స. పుట్టిన కొలది వారములలోనే ఆరంభించినచో బిడ్డ కుంటివాడుగ పెరుగనక్కరలేదు.

చేయి కలిపినచోట

నాటువైద్యమును, శాస్త్రవైద్యమును ఒకే పందిరిక్రిందికి తెచ్చుట అసాధ్యమా? చరిత్ర కాదనుచున్నది. వేల్సుదేశపు ఆంగ్లెసీ ద్వీపమున తరతరములుగ ఎముకలు కట్టు కుటుంబ మొకటి యుండెను. ఆ వంశమువాడగు ఇవాన్ థామస్ లివర్‌పూలున కట్టువైద్యుడై, చదువుకొనిన వైద్యులతో పలు వివాదముల పాలయ్యెను. ఆయన తన కుమారులను వైద్యకళాశాలలకు పంపెను. వారిలో హ్యూ ఓవెన్ థామస్ తాతల చేతినేర్పునకు శాస్త్రమును జోడించి, తన పేరనే ప్రసిద్ధమైన బద్దను కల్పించెను. ఆయన శిష్యుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచయుద్ధమున ఆ బద్దను విరివిగ వాడించెను. తొడ విరిగిన సైనికులలో నూటికి 80 మంది చనిపోవుచుండగా, దానివలన ఆ సంఖ్య 20కి దిగెనని యుద్ధవైద్య చరిత్రలు చెప్పుచున్నవి. నేటి ఎముకల శస్త్రవైద్యమునకు మూలపురుషులలో నొకడు ఒక నాటుకట్టువాని కుమారుడు!

మనదేశమునందే జయపురమున 1968లో, వైద్యుడగు పి. కె. సేఠీయు, చేతిపనివాడగు రామచంద్రశర్మయు కలిసి రబ్బరుతో జయపురపాదమును నిర్మించిరి. చెప్పులు లేక పొలమున నడచువానికి, బాసిపట్టు వేసి కూర్చుండువానికి తగిన పాదమది. విదేశపు పాదములు చేయలేని పని ఆ యిద్దరి స్నేహము చేసినది. ఇథియోపియాలో కట్టువైద్యులకు ఒక్కనాటి శిక్షణ యిచ్చి, బిగుతుకట్టు వలని యపాయములను బోధింపగా, కుళ్లి కోసివేయవలసిన అవయవముల సంఖ్య సుమారు సగమునకు తగ్గెనని 2005లో ఒక నివేదిక ప్రకటింపబడినది. ఒక్కనాటి పాఠము అన్ని చేతులను, కాళ్లను నిలిపినది!

చేయవలసినది

హైదరాబాదున 1960 దశకమున నిజాము ఎముకల ఆసుపత్రిగ వెలసిన సంస్థ నేడు నిమ్సు అను మహాసంస్థయైనది. తిరుపతిలో దేవస్థానమువారి బర్డు ఆసుపత్రి వికలాంగులకు సేవ చేయుచున్నది. పుత్తూరు అచటికి దూరము గాదు. 2005లో ఆరంభమైన 108 వాహనములు, 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదవానికి దారి సుగమము చేసినవి. ఆ పథకము వేర్వేరు పేర్లతో ఉభయ రాష్ట్రములలోను సాగుచున్నది. లోపించినది ఈ రెండు లోకముల నడుమ వంతెన.

ప్రభుత్వములు కట్టువైద్యుల పట్టిక తయారుచేసి, వారికి ప్రతి సంవత్సరము కొలది దినముల శిక్షణ నియ్యవలెను. ఏ దెబ్బలను తాకరాదో, ఏ గుర్తులు కనబడినచో వెంటనే పంపవలెనో వారికి తెలుపవలెను. పంపిన కట్టువైద్యుని ఆసుపత్రివారు పరిహసింపక, మిత్రునిగ ఆదరింపవలెను. నింద భయమువలననే చాలమంది ఆలస్యము చేయుదురు. కట్టువైద్యులు ఎక్స్‌రే చూడక కీలును గుంజరాదు. కట్టు వేసిన మరునాడు రోగిని మరల చూడక విడువరాదు. వైద్యులు రోగికి వాని భాషలో, కూర్చుండి, చికిత్సామార్గములన్నియు చెప్పవలెను.

ఇక మా పాఠకులకు మనవి. మీ పొలమున పడినవాడు మీ బాధ్యత. వాహనము సిద్ధముగ నుంచుడు. విరిగిన యవయవమునకు రెండు కట్టెలు, మెత్తనిగుడ్డ చేర్చి, పై కీలును క్రింది కీలును కదలకుండ వదులుగ కట్టుడు. గాయము తెరచియున్నదా, వ్రేళ్లు చల్లబడినవా యని చూడుడు. ముందు ఎక్స్‌రే తీయించుడు. చిట్లినది మాత్రమే యైనచో కట్టు చాలును. కానిచో పెద్దాసుపత్రికి పంపి, ఆ కుటుంబము నెల గడుచుటకు తోడుపడుడు. మొదటి ఆరుగంటలలో మీరు చెప్పు తీర్పు, వాడు జన్మాంతము కలుపు తీయునో, బిచ్చమెత్తునో నిర్ణయించును. ఎముకను అతుకు పనిని ప్రకృతి ఎన్నడును మానలేదు. అది అతుకువరకు ఆ చేతిని, ఆ కాలిని చెడకుండ కాపాడి యిచ్చుట మన పని.